చెక్కముక్క నుంచి చిన్నతెర దాకా

టీవీ చూడనివ్వలేదని పిల్లవాడు అలిగి అన్నం మానేశాడంటే మనం ఆశ్చర్యపోం. అలాంటి సత్యాగ్రహాలు ఇంటింటా జరుగుతూనే ఉంటాయి. సాయంత్రం నాలుగు జంతికలు పళ్ళెంలో పడేసరికి సామరస్యంగా పరిష్కారం అవుతూనే ఉంటాయి. కాని 68వ ఏట ఉన్న పెద్దమనిషి, ఏడుగురు బిడ్డల తండ్రి, పార్లమెంటులో కూర్చుని వచ్చినవాడు, టీవీ కోసం అన్నం మానేసి ప్రాణం వదులుతానని లోకానికి చాటితే? ఆయనకంటె ముందు పదేళ్ళ నుంచీ కాలేజీ కుర్రాళ్ళూ ఆడపిల్లలూ టీవీ స్తంభాలెక్కి, కోర్టు బోనులెక్కి, జైళ్ళకు వెళ్ళి వస్తూంటే? అదీ, ఇంకాస్త సేపు చూపించమని కాదండీ. మా భాషలో చూపించండి అని!

ఇదంతా ఎక్కడో కాదు, ఇంగ్లీషువాడి పెరట్లోనే జరిగింది. ఆ పెరడు పేరు వేల్స్.

ఇంగ్లండుకు పడమటి పక్కన కొండలూ, లోయలూ, వాటి మీద మనుషులకంటె ఎక్కువగా గొర్రెలూ ఉన్న చిన్న దేశం అది. జనం 31 లక్షలు. వాళ్ళ భాషను మనం ఇంగ్లీషువాళ్ళ నోటివెంట విని వెల్ష్ అంటాం. పాత ఇంగ్లీషులో ఆ మాటకు పరాయివాడని అర్థం. తరతరాలుగా అక్కడే ఉన్నవాణ్ణి, తరవాత వచ్చినవాడు పరాయివాడన్నాడన్నమాట! వాళ్ళు మాత్రం తమ దేశాన్ని కమ్రి అనీ, భాషను కమ్రాయిగ్ అనీ అంటారు. అది ఇంగ్లీషులో ఒక యాస కాదు, ఇంగ్లీషుకు చెల్లెలు కూడా కాదు. వేరే ఇంటి పిల్ల. అందులో ఒక లకారం ఉంది. నాలుక కొసను పైపళ్ళ వెనక ఆనించి, పక్కల నుంచి ఊపిరి వదులుతూ పలకాలి. మన 'ళ' దానికి చాలదు. అంచేత ఈ వ్యాసంలో ఆ ఊళ్ళ పేర్లు నేను రాసిన తీరు చూసి ఏ వెల్ష్ మిత్రుడైనా నవ్వితే నవ్వనివ్వండి.

కథ ఒక చెక్కముక్కతో మొదలవుతుంది.

19వ శతాబ్దంలో వేల్సులోని కొన్ని బళ్ళలో ఒక ఆచారం ఉండేది. బడిలో వెల్ష్ మాట నోరుజారిన పిల్లవాడి మెడలో, తాడు కట్టిన చెక్కముక్క ఒకటి వేలాడదీసేవారు. దాని మీద డబ్ల్యూ, ఎన్ అని రెండక్షరాలు చెక్కి ఉండేవి. 'వెల్ష్ నాట్' అని దాని పేరు. వాడు చెవులు రిక్కించుకుని కూర్చోవాలి. ఇంకెవడైనా వెల్ష్ మాట అంటే ఆ చెక్క వాడి మెడలోకి మారుతుంది. సాయంత్రం బడి వదిలే వేళకు అది ఎవరి మెడలో ఉంటే వాడికి బెత్తం దెబ్బలు. స్నేహితుడి మీద స్నేహితుణ్ణే వేగుగా పెట్టే ఏర్పాటు చూశారా!

ఇది సర్కారువారి ఉత్తర్వేమీ కాదు. ఊరి మాస్టర్లు చేసేవారు. చాలాచోట్ల తల్లిదండ్రులు కూడా తలూపేవారు. పిల్లవాడికి ఇంగ్లీషు వస్తే నాలుగు మెతుకులు దొరుకుతాయని వాళ్ళ ఆశ. ఈ మాట దగ్గర మనలో కొందరు గతుక్కుమంటే అది నా తప్పు కాదు. పైగా 1847లో లండను పంపిన ముగ్గురు కమిషనర్లు – ముగ్గురికీ వెల్ష్ రాదు – అక్కడి చదువుల మీద నివేదిక రాసి, ఆ జనం వెనకబాటుకు భాష కూడా ఒక కారణమని తేల్చారు. పనిలో పనిగా వాళ్ళకు నీతి కూడా తక్కువేనన్నారు. ఆ నివేదిక అట్టల రంగును బట్టి దాన్ని 'నీలి పుస్తకాల ద్రోహం' అని వెల్ష్ వాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు.

అలా చెక్కను మెడలో మోసిన పిల్లల్లో ఓవెన్ మోర్గన్ ఎడ్వర్డ్స్ ఒకడు. 1858లో లాన్యూఖ్‌లిన్ అనే పల్లెలో పుట్టాడు. ఇంట్లో వినబడేదంతా వెల్షే. బడికి వెళ్ళేసరికి ఆ అమ్మభాషే నేరమైంది. ఆ అవమానాన్ని పెద్దయ్యాక తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. బాగా చదివి ఆక్స్‌ఫర్డులో చరిత్ర బోధించాడు. 1907లో వేల్స్ బళ్ళన్నిటికీ ప్రధాన పర్యవేక్షకుడయ్యాడు. మెడలో చెక్క వేయించుకున్న కుర్రాడే చివరికి మాస్టర్లందరికీ పై అధికారి అయ్యాడన్నమాట. అంతకు ముందే, 1892లో, పిల్లల కోసం వెల్షులో ఒక మాసపత్రిక పెట్టాడు. చందమామ మీదా, బాల మీదా పెరిగినవాళ్ళకు ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఆయన కొడుకు ఇవాన్ అబ్ ఓవెన్ ఎడ్వర్డ్స్. 'అబ్' అంటే ఫలానావారి అబ్బాయి అని. తండ్రి పోయాక అదే పిల్లల పత్రికలో, 1922 జనవరిలో, ఒక విజ్ఞప్తి అచ్చువేశాడు. వెల్ష్ పిల్లలందరూ ఒక సంఘంగా చేరండి. తోటి వెల్ష్ పిల్లలతో వెల్షులోనే మాట్లాడతామనీ, వెల్షులోనే చదువుతామనీ, పాడతామనీ, ఆడుకుంటామనీ మాట ఇవ్వండి – ఇదీ దాని సారాంశం. 'ఆడుకుంటాం' అన్నమాట దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలని నా మనవి. భాషను పూజించమని చెప్పినవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉన్నారు. దాంతో ఆడుకోమని చెప్పినవాడు ఈయన. ఆ సంఘం పేరు ఇర్ద్. వందేళ్ళు దాటింది, ఈనాటికీ ఉంది.

ఇవాన్ ఊరుకునే మనిషి కాడు. 1935లో పలకరాతి గని కార్మికుల కథతో వెల్షులో మొట్టమొదటి మాటల సినిమా తీశాడు. 1939లో అబరిస్ట్విత్ అనే సముద్రతీర పట్టణంలో వెల్షులో బోధించే మొదటి ప్రాథమిక పాఠశాల పెట్టాడు. అందులో మొత్తం ఏడుగురు పిల్లలు. వాళ్ళలో ఒకడు ఆయన కొడుకే. పేరు ఓవెన్ ఎడ్వర్డ్స్. తాతగారి పేరే. ఈ పిల్లవాణ్ణి కాస్త జ్ఞాపకం పెట్టుకోండి; చివర్లో మళ్ళీ వస్తాడు.

ఈలోగా గాలిలోంచి కొత్త చుట్టం దిగింది. రేడియో!

1923 ఫిబ్రవరి 13న కార్డిఫ్ నగరంలో బీబీసీ స్టేషను మొదలైంది. ఆ రాత్రే మోస్టిన్ థామస్ అనే గాయకుడు ఒక వెల్ష్ పాట పాడాడు. రేడియోలో వినబడిన మొదటి వెల్ష్ పాట అదే. శుభారంభమే కాని, ఆ తరవాత చాలాకాలం వెల్షుకు దక్కింది విస్తట్లో ఉప్పంతే. అడిగి అడిగి, పోరి పోరి, 1937కు గాని వేల్సుకు విడి ప్రసార విభాగం రాలేదు.

ఇక్కడ ఒక చిక్కు విప్పాలి. బీబీసీ వ్యాపార కంపెనీ కాదు. సర్కారు శాఖా కాదు. సెట్టు ఉన్న ప్రతి ఇల్లూ లైసెన్సు రుసుం కట్టవలసి ఉండేది. ఆ డబ్బుతో బీబీసీ అందరికీ వార్తలూ, విజ్ఞానమూ, వినోదమూ అందించాలి. దీన్నే ప్రజాసేవా ప్రసారం అంటారు. మన ఆకాశవాణి కూడా ఆ బడిలో ఓనమాలు దిద్దుకున్నదే. 1935లో మన దేశంలో రేడియో వ్యవహారం చక్కదిద్దడానికి వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ మనిషే. రేడియో లైసెన్సు కోసం మన పెద్దవాళ్ళు పోస్టాఫీసు కిటికీ ముందు నిలబడిన రోజులు ఇంకా కొందరికి గుర్తుండే ఉంటాయి.

అందరి దగ్గరా డబ్బు పుచ్చుకున్నప్పుడు అందరి మాటా వినబడాలి కదా? వేల్స్ కుర్రకారు అడిగిన ప్రశ్న ఇదే. చాలా చిన్న ప్రశ్న. జవాబు రావడానికే చాలా ఏళ్ళు పట్టింది.

రేడియో వెనకాలే టీవీ వచ్చింది. 1952లో కార్డిఫ్ దగ్గర వెన్వో గుట్ట మీద టీవీ స్తంభం నిలబెట్టారు. ఆ ఇళ్ళలో అప్పటిదాకా ఇంగ్లీషు బయటి భాష. కచేరీలోనో, రైల్వే స్టేషనులోనో, బడిలోనో ఎదురయ్యేది. ఇంటికొచ్చి గొళ్ళెం పెట్టుకుంటే లోపల వెల్షే. టీవీకి గొళ్ళెం అడ్డం కాలేదు. కుంపటి పక్కనే కూర్చుని, పసిపిల్లలతో పొద్దస్తమానం ఇంగ్లీషులో కబుర్లు చెప్పింది. చెక్కముక్క బెదిరించి చేయలేని పని ఈ పెట్టె ముద్దు చేసి చేయడం మొదలుపెట్టింది.

దీన్ని పసిగట్టినవాడు సాండర్స్ లూయిస్. గొప్ప నాటకకర్త. వైమానిక దళం బాంబుల శిక్షణ కేంద్రానికి 1936లో నిప్పుపెట్టి, తానే పోలీసులకు చెప్పి, జైలుకు వెళ్ళిన ముగ్గురిలో ఒకడు. 1962 ఫిబ్రవరి 13న – కార్డిఫ్ రేడియో పుట్టినరోజునే, సరిగ్గా 39 ఏళ్ళకు – అదే బీబీసీ రేడియోలో ఆయన వెల్షులో ఒక ప్రసంగం చేశాడు. అంశం 'భాష తలరాత'. దోవ ఇలాగే సాగితే 21వ శతాబ్దం మొదలయ్యే నాటికి వెల్ష్ సజీవ భాషగా మిగలదన్నాడు. విన్నపాలతో లాభం లేదు, విప్లవం వంటిది కావాలన్నాడు. అప్పటికి 1961 జనాభా లెక్కలు ఇంకా అచ్చు కాలేదు. అచ్చయ్యాక చూస్తే, 1911లో నూటికి 43 మందికి పైగా మాట్లాడిన భాష 26 మందికి దిగింది.

తమాషా ఏమిటంటే, ఆయన ముఖ్యంగా తన పార్టీ పెద్దల్ని ఉద్దేశించి మాట్లాడాడు. విన్నది కుర్రాళ్ళు! ఆ వేసవిలోనే వెల్ష్ భాషా సంఘం పుట్టింది. 1963 ఫిబ్రవరి 2న, చలి కొరికేస్తున్న రోజుల్లో, విద్యార్థులు అబరిస్ట్విత్ ఊళ్ళో ట్రెవెఖన్ వంతెన మీద బైఠాయించారు. కోర్టు సమన్లు వెల్షులో ఇవ్వండన్నది వాళ్ళ కోరిక. ఆ తరవాత ఇంగ్లీషులో మాత్రమే రాసి ఉన్న దారి బోర్డుల మీద పచ్చరంగు పూశారు. పట్టుబడి జుల్మానాలు కట్టం అన్నారు. జైలుకు వెళ్ళారు.

కుర్రాళ్ళన్నాక ఊరికే కోపమే ఉంటుందా? పాటలూ ఉన్నాయి. 1969లో డావిద్ ఇవాన్, హ్యూ జోన్స్ అనే ఇద్దరు కుర్ర గాయకులు మరో మిత్రుడితో కలిసి 'సాయిన్' అనే గ్రామఫోను రికార్డుల కంపెనీ పెట్టారు. సాయిన్ అంటే శబ్దం. గిటారు వాయిస్తూ వెల్షులో పాడవచ్చునని, అదేమీ చర్చికి మాత్రమే పరిమితమైన భాష కాదని పిల్లలకు తెలిసింది. చర్చిలో వెల్షుకు లోటేమీ లేదు. ఆదివారం పూట కోటు తొడుక్కుని కూర్చున్నంతసేపూ వెల్షే. ఆ కోటు విప్పాక ఏ భాష? అసలు పోరాటం అక్కడుంది.

అందుకే 1970ల్లో వాళ్ళ దృష్టి టీవీ మీదకు మళ్ళింది. అప్పటికి వెల్ష్ కార్యక్రమాలు అసలు లేవని కాదు. ఉన్నాయి, వారానికి కొద్ది గంటలు. అవి కూడా తరచు జనం చూడని వేళల్లో, అర్ధరాత్రి అంకమ్మ శివాల్లాగ. వెల్ష్ రానివాళ్ళకు ఇంకో బాధ. తమకు కావలసిన ఇంగ్లీషు కార్యక్రమం తీసేసి ఈ అర్థంకాని గోలేమిటని వాళ్ళు విసుక్కునేవారు. చాలామంది తమ ఇంటి ఏరియల్‌ను ఇంగ్లండు స్తంభాల వైపు తిప్పేసుకున్నారు. అంచేత వెల్షుకు వేరే ఛానెల్ ఇస్తే ఇద్దరికీ సుఖమే. 1974లో క్రాఫర్డ్ సంఘం ఇదే చెప్పింది: రాబోయే నాలుగో ఛానెల్‌ను వేల్సులో వెల్షుకు ఇవ్వండి అని.

అందరూ సరేనన్నారు. సరేనన్న పని జరగడం వేరు కదా! కమిటీ మీద కమిటీ కూర్చుంది. కుర్రాళ్ళు స్తంభాలెక్కారు, స్టూడియోల్లోకి చొరబడ్డారు, లైసెన్సు కట్టమన్నారు. జైళ్ళు చూశారు. 1979 ఎన్నికల్లో రెండు పెద్ద పార్టీలూ వెల్ష్ ఛానెల్ ఇస్తామని వాగ్దానం చేశాయి. మార్గరెట్ థాచర్ ప్రధాని అయింది. అదే ఏడు సెప్టెంబరులో హోంమంత్రి విలియం వైట్‌లా, ఆ ఛానెల్ ఆలోచన మానుకున్నామని ప్రకటించాడు. వెల్ష్ కార్యక్రమాలు రెండు ఛానెళ్ళలోనూ తలా కాస్త పంచుతారట! ఏరు దాటి తెప్ప తగలేయడమంటే ఇదే.

ఈసారి కోపం కుర్రాళ్ళకే పరిమితం కాలేదు. 1979 అక్టోబరులో ముగ్గురు పెద్దమనుషులు – మెరెదిద్ ఎవాన్స్, నెడ్ థామస్, పెన్నార్ డేవిస్, ముగ్గురూ పండితులే – రాత్రివేళ పెన్‌కారెగ్ ప్రసార కేంద్రంలోకి జొరబడి స్తంభం కట్టేశారు. పారిపోకుండా అక్కడే నిలబడి పట్టుబడ్డారు. పిల్లలు చెడిపోయారని మందలించవలసిన వయసువాళ్ళు తామే పిల్లల తోవ పట్టారు. సుమారు రెండు వేలమంది గృహస్థులు లైసెన్సు కట్టబోమన్నారు.

ఆ తరవాత వచ్చాడు మనం మొదట్లో చెప్పుకున్న పెద్దమనిషి, గ్విన్‌ఫోర్ ఎవాన్స్. లాంగడోగ్ పల్లెలో టమాటాలు పండించిన రైతు. బారీ పట్టణంలో ఇంగ్లీషు మాట్లాడే ఇంట్లో పుట్టి, చదువుకునే రోజుల్లో వెల్ష్ నేర్చుకున్నాడు. భక్తిపరుడు, శాంతివాది, గాంధీజీ అంటే గౌరవం ఉన్నవాడు. 1966లో వేల్స్ జాతీయ పార్టీకి పార్లమెంటులో మొదటి సీటు గెలిచి, 1979లో ఓడిపోయాడు. 1980 మే నెలలో ఆయన ప్రకటన చేశాడు. ప్రభుత్వం మాట నిలబెట్టుకోకపోతే అక్టోబరు మొదటి వారం నుంచి నిరాహారదీక్ష. ఛానెల్ వస్తేనో, ప్రాణం పోతేనో ఆగుతుంది.

నిరాహారదీక్ష అంటే ఏమిటో తెలుగువాళ్ళకు ఒకరు చెప్పాలా? 1952 అక్టోబరు 19న మద్రాసులో పొట్టి శ్రీరాములుగారు దీక్షకు కూర్చున్నారు. పెద్దల మాటలూ, ఢిల్లీ కబుర్లూ నడుస్తూనే ఉన్నాయి. 58 రోజులకు, డిసెంబరు 15 రాత్రి ఆయన పోయారు. మరుసటి ఏడు అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం వచ్చింది, చూడవలసిన మనిషి లేకుండా. ప్రభుత్వానికి ఆలోచన తోచేందుకు ఒక మనిషి కన్నుమూయవలసి వచ్చింది.

వేల్సులో అదృష్టవశాత్తు అంతదూరం పోలేదు. ఆ వేసవి అంతా గ్విన్‌ఫోర్ ఊరూరా తిరిగి చెప్పాడు; సభలకు వేలకొద్దీ జనం వచ్చారు. సెప్టెంబరులో ముగ్గురు పెద్దలు – వేల్స్ ఆర్చిబిషప్పు, మాజీ మంత్రి క్లెద్విన్ హ్యూస్, సర్ గోరొన్వి డేనియల్ – లండను వెళ్ళి వైట్‌లాకు నచ్చజెప్పారు. 1980 సెప్టెంబరు 17న ప్రభుత్వం దిగివచ్చింది. గ్విన్‌ఫోర్ భోజనం మానవలసిన అవసరం లేకపోయింది. ఆ తరవాత పాతికేళ్ళు బతికాడు. తను అడిగిన ఛానెల్ తను చూసుకున్నాడు.

గెలిపించింది ఎవరంటే ఆయనే అని కొందరంటారు. ముగ్గురు పెద్దల రాయబారం అని మరికొందరంటారు. నన్నడిగితే, ఆ పదేళ్ళూ చలిలో స్తంభాల మీద కూర్చున్న పేరు తెలియని పిల్లల్ని మొదట చెప్పాలి. వాళ్ళే లేకపోతే పెద్దమనిషి మాట వినడానికి సభలో జనం ఉండేవారు కారు.

1982 నవంబరు 1న ఛానెల్ మొదలైంది. పేరు ఎస్-ఫోర్-సి. వారానికి సుమారు 22 గంటలు వెల్ష్, మిగతా వేళల్లో ఇంగ్లీషు కార్యక్రమాలు. మొదటి అధ్యక్షుడు ఆ రాయబారం నడిపిన గోరొన్వి డేనియల్. మరి దాన్ని రోజూ నడిపే మొదటి డైరెక్టరు ఎవరనుకున్నారు? అబరిస్ట్విత్ బడిలో ఏడుగురు పిల్లల్లో ఒకడైన ఓవెన్ ఎడ్వర్డ్స్! తాత మెడలో చెక్క. తండ్రి నోట ఆడుకోమన్న మాట. మనవడి చేతిలో టీవీ ఛానెల్. మూడు తరాలు పట్టింది. నవలలో రాస్తే అతికించినట్టుందని సంపాదకులు కొట్టేసేవారు. చరిత్రకు అలాంటి మొహమాటాలు లేవు.

మొదటి సాయంత్రం పిల్లల కోసం వేసింది ఒక బొమ్మల సినిమా, సూపర్‌టెడ్. కార్డిఫ్‌లో ఉండే మైక్ యంగ్, చీకటికి భయపడే పిల్లవాడి కోసం అల్లిన కథ. ఫాక్టరీలో తయారైన ఒక గుడ్డ ఎలుగుబంటి సరిగ్గా కుదరలేదని చీకటికొట్లో పారేస్తారు. వేరే లోకం నుంచి వచ్చిన చుక్కలవాడు దానికి ప్రాణం పోస్తాడు, ప్రకృతిమాత శక్తులిస్తుంది. ఇక అది ఎగిరిపోయి లోకాన్ని కాపాడుతుంది. పనికిరాదని మూల పడేసిన బొమ్మ వెల్షులో మాట్లాడుతూ ఆకాశంలోకి ఎగరడం చూసిన పెద్దవాళ్ళకు వేరే వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది. ఆ ఎలుగుబంటి తరవాత ఇంగ్లీషు నేర్చుకుని అమెరికాలో డిస్నీ ఛానెల్ దాకా పోయింది.

మంచి రోజులు చాలానే వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కుర్రకవి కథతో 1992లో తీసిన హెద్ విన్ చిత్రం ఆస్కారు పోటీకి ఎంపికైంది. వెల్ష్ సినిమాకు ఆ గౌరవం అదే మొదలు. 1995లో రౌండ్ ఎ రౌండ్ అనే ధారావాహిక మొదలైంది. పొద్దున్నే ఇంటింటికీ పేపర్లు వేసే పిల్లల చుట్టూ తిరిగే కథ. అబరిస్ట్విత్ నేపథ్యంగా 2013లో వచ్చిన ఒక అపరాధ పరిశోధన కథను ప్రతి సన్నివేశం వెల్షులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి తీశారు. రికార్డుల కంపెనీ పెట్టిన ఆ గిటారు కుర్రాడు హ్యూ జోన్స్ 1994 నుంచి 2005 దాకా ఇదే ఛానెల్‌కు ముఖ్య అధికారి. 2001 జనాభా లెక్కల్లో వెల్ష్ మాట్లాడేవాళ్ళ శాతం 18.7 నుంచి 20.8కి పెరిగింది, ఎన్నో దశాబ్దాల తరవాత మొదటి పెరుగుదల. అది ముఖ్యంగా బడిపిల్లల్లో. బళ్ళలో వెల్ష్ తప్పనిసరి చేయడమే దీనికి పెద్ద కారణం. టీవీ తోడు నిలిచింది. సాండర్స్ లూయిస్ చెప్పిన గడువు అలా దాటిపోయింది. ఒక జోస్యం అబద్ధమైతే దాన్ని చెప్పినవాడికే ఎక్కువ సంతోషం కలిగే సందర్భాలు కొన్ని ఉంటాయి. పాపం, ఆయన 1985లోనే పోయాడు.

కథ ఇక్కడ ఆపితే మంగళం పాడినట్టుంటుంది. కాని చరిత్ర మంగళం దగ్గర ఆగదు. 2021 లెక్కల్లో ఆ శాతం మళ్ళీ 17.8కి దిగింది. మనుషుల లెక్కన 5 లక్షల 38 వేలు. తగ్గింది ఎక్కువగా ఎవరిలోనంటే, మళ్ళీ పిల్లల్లోనే.

ఈనాటి వేల్స్ కుర్రకారు టీవీ చూసే తీరు వేరు. బ్రిటను ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఏటా లెక్క తీస్తుంది. పెద్దవాళ్ళు టీవీ ముందు కూర్చునే కాలంలో చిన్న భాగమే కుర్రాళ్ళు కూర్చుంటున్నారు. వాళ్ళు చూడడం మానలేదు. చూసే చోటు మారింది. యూట్యూబు, ఫోను. ఛానెల్ కూడా కదిలింది. పసివాళ్ళకు 2008లో 'కివ్' అనే విభాగం పెట్టింది. కివ్ అంటే కోడిపిల్ల. 7 నుంచి 13 ఏళ్ళవారికి మరో విభాగం. 16 దాటినవారికి 2017లో 'హాన్ష్' అని ఫోనులో చూసుకునే చిట్టి కార్యక్రమాలు. ఈ లెక్క మీరు వేళ్ళమీద వేసుకున్నారా? 13కీ 16కీ మధ్య సందు మిగిలింది. సరిగ్గా ఆ వయసులోనే పిల్లవాడు బడిలో వెల్షులో జవాబు చెప్పి, గంట కొట్టగానే ఇంగ్లీషులోకి దూకుతాడు. అక్కడ మాస్టర్ల పెద్ద బెంగ అదే.

వాళ్ళ వైపు నుంచి కూడా చూడాలి. ప్రజాసేవా ప్రసారం అనగానే తాతయ్యల వార్తలు, పసిపిల్లల బొమ్మలు, మధ్యలో ఉపదేశాలు అని తోస్తే, పదిహేనేళ్ళ పిల్ల దాన్ని తనదనుకుంటుందా? వెల్ష్ రాని పిల్లల సంగతి మరొకటి. దేశంలో వాళ్ళే ఎక్కువ. వాళ్ళకూ తమ ఊరు, తమ యాస తెరమీద కనబడాలి. లండను నుంచి వచ్చే కబుర్లలో వేల్స్ కనిపించేది వానల గురించి చెప్పేటప్పుడేనని వాళ్ళు దెప్పితే కాదనలేం. మరో పక్క ఛానెల్‌కు డబ్బు ఎక్కడినుంచి వస్తుందన్న బాధ తీరలేదు. 2010లో లండను ప్రభుత్వం ఎస్-ఫోర్-సిని బీబీసీ లైసెన్సు రుసుం మీదకు మళ్ళించాలని నిర్ణయించింది. 2022 నుంచి దాని సర్కారు సొమ్ము పూర్తిగా ఆ రుసుములోంచే వస్తోంది. ఆ నిర్ణయం వచ్చినప్పుడు భాషా సంఘం కుర్రాళ్ళు మళ్ళీ వీధిలోకొచ్చారు. అప్పుడూ కొందరు లైసెన్సు కట్టమన్నారు. తాతలు చేసిన పనే! అంచేత ఈ తరానికి పట్టింపు లేదని తీర్పు చెప్పడానికి నేను సిద్ధంగా లేను.

నాకు మాత్రం తోచేది ఒకటి. 1970ల కుర్రాళ్ళు భాషకు గుడి కట్టమని అడగలేదు. గుడి ఉంది. ఆడుకునే చోటు కావాలన్నారు. ఆ చోటు టీవీలో దొరికింది. ఇప్పుడు ఆట వేరే వీధిలోకి మారింది. ఆ వీధికి కాపలాదారు లండను మంత్రి కాడు, దీక్షకు కూర్చుంటానంటే దిగివచ్చే మనిషీ కాడు. అక్కడ చోటు ఎవరిని అడగాలి? ఏ స్తంభం ఎక్కాలి? ఈ ప్రశ్న వాళ్ళ తరానిది. జవాబు కూడా వాళ్ళే వెతుక్కోవాలి.

ఆ వెల్ష్ నాట్ చెక్కముక్కలు ఒకటీ రెండూ వేల్స్ మ్యూజియముల్లో దాచి ఉంచారు. చూస్తే మరీ పెద్దవేం కావు, అరచేతిలో పట్టేంత. బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి అద్దాల పెట్టెలో దాన్ని చూపిస్తారు. ఆ పిల్లల చేతుల్లోనూ ఇంచుమించు అంతే సైజు పలక ఒకటి ఉంటుంది, వెలుగుతూ. ఇందులో ఏ భాష మాట్లాడినా ఎవరూ కొట్టరు. చెక్కకు ఫోటో తీసుకుని, దాని కింద నేస్తానికి రెండు ముక్కలు రాసి పంపుతారు. ఆ రెండు ముక్కలు వాళ్ళు ఏ భాషలో రాస్తారన్నదే ఇక మిగిలిన కథ.